వాన కొలిచే గ్లాసు: బెంగళూరు మ్యూజియంలో నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం ఎప్పుడూ మాట్లాడుకునేవి మూడే విషయాలు. డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్టు. అవి ముఖ్యం కాదని నేననను. నా మెడికల్ బిల్లు కూడా ఏదో ఒక టేబులు మీద విశ్రాంతి తీసుకుంటూనే ఉంది. కానీ ప్రత్యేక సంచిక వేస్తున్నాం, ఈసారి వేరే సంగతి ఏదైనా చెప్పండని కార్యదర్శి గారు పట్టుబట్టారు. "నేను గుమాస్తాను స్వామీ, డ్రాఫ్టు రాయమంటే రాస్తాను గాని ఉపన్యాసం నాకెక్కడ వస్తుంది" అన్నాను. "అదే డ్రాఫ్టు నిలబడి చదవండి" అన్నారు. అందుకని చదువుతున్నాను.

ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ అంటే సర్కారు దయతలచి ఇచ్చే ధర్మం కాదు, మనం చేసిన సేవకు మనకు రావలసిన హక్కు అని తేల్చింది. అందుకే ఈ రోజు మనకు పండగ. అయితే ఇదే డిసెంబరు 17న, 1903లో, అమెరికాలో రైట్ సోదరులు మొదటిసారి విమానం ఎగరేశారు. ఆ మొదటి ప్రయాణం 12 సెకన్లు, 120 అడుగులు. మన కలెక్టరాఫీసు గేటు నుంచి మెట్ల దాకా కూడా ఉండదేమో. ఈ రెండో సంగతి నాకు డెబ్బై దాటేవరకూ తెలియదు. అది తెలిసిన చోటు గురించే ఈ రోజు చెప్పబోతున్నాను. బెంగళూరులో కస్తూర్బా రోడ్డులో, కబ్బన్ పార్కును ఆనుకుని ఉన్న విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం అది.

మా చిన్నమ్మాయి మడకశిర వైపు ఒక హైస్కూలులో ఫిజికల్ సైన్సు చెబుతుంది. 2023లో పిల్లలను ఆ మ్యూజియానికి తీసుకుపోవాలని బస్సు మాట్లాడింది. నలభై రెండు మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు. పెద్దవాళ్లు ఇంకొకరు తోడుంటే బాగుంటుందని, "నాయనా, నువ్వు కూడా రా. లెక్కపెట్టి ఎక్కించడం, లెక్కపెట్టి దింపడం నీకు చేతనవును గదా" అన్నది. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసుకు మా అమ్మాయి ఇచ్చిన కాండక్టు సర్టిఫికెట్టు అది. సరేనని బయలుదేరాను.

తెల్లవారుజామున బస్సు ఎక్కాం. హిందూపురం దాటి గౌరీబిదనూరు మీదుగా పోతుంటే, నంది కొండల పేరు చెప్పి పిల్లలకు రెండు మాటలు చెప్పాను. మన పెన్నేరు ఆ కొండల వైపు నుంచే పుడుతుంది. ఆ కొండల దగ్గరి ముద్దేనహళ్లిలోనే విశ్వేశ్వరయ్య గారు పుట్టారు. వారి పూర్వీకులది మన గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. ఇంటి పేరులోనే ఊరు ఉంది. 1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తితే, నిజాం ప్రభుత్వం ఆయనను పిలిపించింది. ఆయన వాన లెక్కలు, నది లెక్కలు పరిశీలించి, నగరానికి ఎగువన జలాశయాలు కట్టాలని చెప్పారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అట్లా వచ్చినవే. ఆయన నూరేళ్లు దాటి బతికి, 1962 ఏప్రిల్ 14న కన్నుమూశారు. ఆయన పేరు మీద వెలసిన ఈ మ్యూజియం భవనాన్ని అదే సంవత్సరం జూలైలో పండిత నెహ్రూ ప్రారంభించారు. విద్యుత్తుకు సంబంధించిన మొదటి గ్యాలరీ 1965లో జనానికి తెరిచారు.

వాన లెక్కల మీద ఆనకట్టలు కట్టిన మనిషి పేరున్న ఇంట్లోనే నా వాన లెక్క తప్పని తెలుస్తుందని ఆ ఉదయం నాకు తెలియదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

లోపలికి పోగానే మొదటి అరగంట మావాళ్లు చేసింది తిరనాళ్లలో చేసే పనే. అది మ్యూజియం తప్పు కాదు, మా తప్పే. ఒక పిల్లవాడు ఒక బటను నొక్కుతాడు. ఏదో తిరుగుతుంది. ఏం తిరిగిందో చూడకుండా ఇంకో బటను దగ్గరికి పరుగు. వాని వెనక ఇరవైమంది. నా పని తలకాయలు లెక్కపెట్టడం గనుక, నేను కూడా యంత్రాలను చూడలేదు, తలకాయలనే చూశాను. ఇట్లాగే రెండు గంటలు తిరిగి బయటపడి ఉంటే, "బాగుంది తాతా, డైనోసారు తల ఊపింది" అనుకుంటూ ఇంటికి వచ్చేవాళ్లం.

అప్పుడు మాకు చూపించడానికి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై అయిదేళ్లు ఉంటాయేమో. ఆమె చేసిన మొదటి పని మమ్మల్ని ఆపడం. నలభై రెండు మందిని మూడు జట్లు చేసింది. "ఈ ఇల్లంతా ఈ రోజు చూడలేరు, ఆరు వస్తువులే చూద్దాం" అన్నది. నాకు ఆశ్చర్యమేసింది. టిక్కెట్టు కొన్నాక అన్నీ చూడవద్దా! మన లెక్క ప్రకారం ఎన్ని ఎక్కువ చూస్తే అంత గిట్టుబాటు. కానీ ఆమె మాటే నిజమైంది. ఆ ఆరు వస్తువులు పిల్లలకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆమె కన్నడంలోనూ, ఇంగ్లీషులోనూ చెప్పింది. మడకశిర పిల్లలకు కన్నడం సగం వస్తుంది, మిగతా సగం నేను తెలుగులో అందించాను. రెండో జట్టు దగ్గరికి వచ్చేసరికి ఆమే "తాతా, మీరు చెప్పండి" అనసాగింది.

కప్పీలతో కుర్చీ కట్టిన చోట, తాడు లాగి తన బరువు తానే పైకెత్తుకోవచ్చు. పిల్లలు గుంపుగా ఎక్కి దిగుతున్నారు. "ఎన్ని గిలకలున్నాయి, తాడు ఎంత పొడవు లాగితే కుర్చీ ఎంత ఎత్తు లేచింది?" అని ఆమె అడిగింది. నేను వాళ్లకు కపిలె సంగతి చెప్పాను. మన పల్లెల్లో బావిమీద గిలక, తోలు బొక్కెన, ఎద్దులు వెనక్కూ ముందుకూ నడవడం. ఆ నలభై రెండు మందిలో కపిలె చూసినవాడు ఒక్కడూ లేడు. వాళ్లు పుట్టేసరికే బావులు ఎండి, బోర్లు వచ్చి, ఆ బోర్లూ ఎండుతున్నాయి. "అయితే తాతా, మా తాతకు ఈ సైన్సు తెలుసా?" అని ఒక పాప అడిగింది. తెలుసమ్మా, పేరు తెలియదు గాని పని తెలుసు అన్నాను.

ఇంకొక చోట చేత్తో తిప్పే జనరేటరు ఉంది. తిప్పితే బల్బు వెలుగుతుంది. ఒక బల్బుకు తేలికగా తిరిగిన పిడి, ఇంకో రెండు బల్బులు కలిపేసరికి బరువెక్కింది. "బరువు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని ఆమె ప్రశ్న. ఎవరూ మాట్లాడలేదు. అరనిమిషం ఆమె కూడా మాట్లాడలేదు. చివరికి ఒక పిల్లవాడు, "వెలుతురు ఊరికే రాదు మేడం, చెయ్యి నుంచి పోతాంది" అన్నాడు. ఆమె చప్పట్లు కొట్టింది. నేను కరెంటు బిల్లు కట్టడం మొదలుపెట్టి యాభై ఏళ్లు. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు.

రైట్ సోదరుల విమానం నమూనా అసలు సైజులో అక్కడ ఉంది. కర్ర, గుడ్డ, తీగలు. దాని ముందు నిలబడే డిసెంబరు 17 సంగతి తెలుసుకున్నాను. ఆ రోజున పెన్షనర్ల దినోత్సవమని నేను చెబితే, "అయితే మీరు కూడా ఎగరచ్చు తాతా" అని ఆ అమ్మాయి నవ్వింది.

ఈ పద్ధతి ఎక్కడిదని తర్వాత మా అమ్మాయిని అడిగాను. అద్దాల బీరువాలో పెట్టి "ముట్టరాదు" అని బోర్డు రాసే మ్యూజియాలే మనకు తెలుసు. జర్మనీలో మ్యూనిక్ నగరంలో ఆస్కార్ ఫాన్ మిల్లర్ అనే ఇంజనీరు 1903లో స్థాపించిన మ్యూజియంలో యంత్రాలను జనం తామే తిప్పి చూసే ఏర్పాటు చేశారట. కలకత్తాలో 1959లో తెరిచిన బిర్లా మ్యూజియం ఆ దారిలో వచ్చింది, దాని తర్వాత బెంగళూరుది. 1978 నుంచి ఇవన్నీ జాతీయ విజ్ఞాన మ్యూజియాల మండలి కింద ఉన్నాయి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 1969లో ప్రారంభించిన ఎక్స్‌ప్లొరటోరియంలో అయితే, హైస్కూలు పిల్లలనే జీతమిచ్చి పెట్టుకున్నారట, వచ్చినవాళ్లతో మాట్లాడడానికి. వాళ్లను గైడ్లు అనరు, వివరించేవాళ్లు అంటారు. నాకు అర్థమైనది ఇది. యంత్రం దానంతటది మూగది. పక్కన మనిషి నిలబడి సరైన ప్రశ్న వేస్తేనే అది నోరు విప్పుతుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలతో చేతిపని చేయించే తరగతి. ఖాళీ సీసాలు, కత్తెర, స్కేలు, టేపు బల్లమీద పెట్టారు. వాన కొలిచే సాధనం తయారు చేయాలి. అనంతపురం పిల్లలని తెలిసే ఎంచుకున్నారేమో, నేను అడగలేదు. నేను వెనక బెంచీ మీద కునికిపాట్లు పడుతున్నాను. రెయిన్ గేజి అంటే నాకు తెలియనిదేముంది, సర్వీసులో ఎన్నేళ్లు ఆ రిజిస్టరు రాశాను!

ముందు తిన్నని సీసా ఒకటి పైభాగం కోసి, బోర్లించి గరాటులా పెట్టారు. మూతి, ఒళ్లు ఒకే వెడల్పు. అందులో ఒక సెంటీమీటరు నీళ్లు నిలిస్తే పది మిల్లీమీటర్ల వాన. అంతే. తర్వాత ఆ అమ్మాయి, "ఒక మిల్లీమీటరు వానను ఇందులో చూడగలరా?" అని అడిగింది. కనపడదు. అప్పుడు పెద్ద గరాటు తెచ్చి, దాని కింద సన్నని గొట్టం పెట్టించింది. గరాటు మూతి వైశాల్యం గొట్టానికి పది రెట్లుంటే, ఒక మిల్లీమీటరు వాన గొట్టంలో పది మిల్లీమీటర్ల ఎత్తు నిలుస్తుంది. చక్కగా చదువుకోవచ్చు. పిల్లలు గొట్టం మీద గీతలు గీశారు. పూలకుండీలకు నీళ్లు చల్లే డబ్బాతో వాన కురిపించారు.

అంతవరకూ బాగుంది. తర్వాత ఆమె ఒక జట్టువాళ్ల గొట్టం తీసి, ఇంకొక జట్టువాళ్ల గరాటు కింద పెట్టింది. ఆ గరాటు కొంచెం పెద్దది. మళ్లీ అదే వాన కురిపించింది. లెక్క ఎక్కువ చూపించింది. "వాన పెరిగిందా?" అని అడిగింది. పెరగలేదు మేడం, గరాటు పెద్దది, గీతలు చిన్న గరాటుకు గీసినవి అన్నారు పిల్లలు. "అయితే గ్లాసు మీది గీత ఒక్కటే చూస్తే చాలదు, ఆ గ్లాసు ఏ గరాటుదో తెలియాలి" అన్నది.

నా కునుకు వదిలిపోయింది. చేతులు చల్లబడ్డాయి. మా అమ్మాయి చూసి, షుగరు పడిపోయిందేమోనని బిస్కట్లు తెచ్చింది. షుగరు కాదు. నలభై ఏళ్ల కిందటి గ్లాసు ఒకటి గుర్తుకొచ్చింది.

ఇప్పుడు చెప్పేది ఎక్కడా చెప్పలేదు. మండలాలు రాకముందు, 1980ల మొదట్లో, నేను ఒక తాలూకా కచేరీలో జూనియర్ అసిస్టెంటును. తాలూకా పేరు చెప్పను, అవసరం లేదు. కచేరీ ఆవరణలో పాత సైమన్స్ రెయిన్ గేజి ఉండేది. అయిదంగుళాల మూతి, కింద సీసా, కొలవడానికి గీతలున్న గ్లాసు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచి రిజిస్టరులో రాయాలి. ఒక ఏడు జూన్‌లో అటెండరు చేతిలోంచి గ్లాసు జారి పగిలిపోయింది. ఇండెంటు పంపాం. రాలేదు. ఇంకొక ఆఫీసులో వాడకుండా ఉన్న గ్లాసు ఒకటి తెచ్చుకున్నాం. దాని మీద చిన్న అక్షరాల్లో వంద అని, ఇంకేదో ఉంది. కంపెనీ నెంబరనుకున్నాం. అది వంద చదరపు సెంటీమీటర్ల మూతి ఉన్న కొత్తరకం ఫైబరు గేజికి చేసిన గ్లాసని మా కచేరీలో ఎవరికీ తట్టలేదు. నేనూ అడగలేదు. గీతలున్నాయి, అంకెలున్నాయి, చాలనుకున్నాను.

మ్యూజియం నుంచి తిరుగు ప్రయాణంలో, బస్సులో, పాప నోటుబుక్కు అడిగి తీసుకుని లెక్క వేశాను. అయిదంగుళాలు అంటే 127 మిల్లీమీటర్లు. వైశాల్యం దాదాపు 126.7 చదరపు సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరు వాన పడితే అందులో చేరే నీళ్లు 12.67 మిల్లీలీటర్లు. కానీ మా చేతిలోని గ్లాసు పది మిల్లీలీటర్లనే ఒక మిల్లీమీటరు అంటుంది. అంటే ప్రతి వానకూ నూటికి ఇరవై ఏడు వంతులు ఎక్కువ రాశాను. ముప్పై పడితే ముప్పై ఎనిమిది అని రాశాను. ఒక రోజు కాదు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా.

ఆ ఏడు ముంగారు లెక్క మొత్తం సుమారు 300 మిల్లీమీటర్లు రాసినట్టు నాకు గుర్తు. మామూలు 320 దాకా ఉండేది. నూటికి ఆరు వంతులు తక్కువ, ఫరవాలేదు అని పైకి పంపాం. నిజంగా పడింది 237. నూటికి ఇరవై ఆరు తక్కువ. వాతావరణ శాఖ లెక్కలో నూటికి పంతొమ్మిది వరకూ తగ్గితే మామూలు వాన, ఇరవై దాటితే లోటు. నేను రాసిన అంకె మామూలు కింద పోయింది, పడిన వాన లోటు కిందిది.

ఆ రోజుల్లో ఒక పెద్దాయన కచేరీకి వచ్చాడు. చెనిక్కాయ రైతు. "సామీ, నా చేన్లో జానెడు పదును కూడా ఎక్కలేదు. మడక దిగితే దుమ్ము లేస్తాంది. నీ పుస్తకంలో ఇంత వాన యాడ్నుంచి వచ్చింది?" అని అడిగాడు. నేను, "కచేరీలో పడింది రాశాం పెద్దాయనా, మీ ఊళ్లో పడకపోతే మేమేం చేస్తాం" అన్నాను. న్యాయమైన జవాబే అనుకున్నాను. మన జిల్లాలో ఒక ఊళ్లో పడిన వాన పక్క ఊళ్లో పడదు గదా. ఆయన ఇంకేమీ అనలేదు. కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

చుట్టుపక్కల తాలూకాలు కరువు జాబితాలో వచ్చాయి. మాది మొదటి జాబితాలో రాలేదు. పంట అంచనా, పైవాళ్ల రిపోర్టులు, ఎన్నో ఉంటాయి గనుక నా గ్లాసు ఒక్కటే కారణమని చెప్పలేను. కారణం కాదని కూడా చెప్పలేను. కరువు పనులు మాకు ఆలస్యంగా వచ్చాయి. ఈలోగా ఆ పల్లెలవాళ్లు చాలామంది కూలికి పోయారు. ఎక్కడికో మీకు తెలుసు. బెంగళూరుకే. మరుసటి సంవత్సరం కొత్త గేజి, దాని గ్లాసు రెండూ కలిపి వచ్చాయి. పాతది గోడౌనులో పడేశాం. విషయం అక్కడితో ముగిసిందనుకున్నాం.

మ్యూజియం నుంచి వచ్చిన నెలకు ఆ ఊరికి పోయాను. పెద్దాయన పోయి చాలా కాలమైంది. కొడుకున్నాడు, అతనికీ అరవై దాటాయి. అరుగు మీద కూర్చుని, గరాటు సంగతి, గ్లాసు సంగతి, ఇరవై ఏడు వంతుల సంగతి చెప్పాను. అతను అంతా విని, "మా నాయన అప్పుడే చెప్పినాడు గదా సామీ, పుస్తకంలో వాన వేరే, చేన్లో వాన వేరే అని" అన్నాడు. కోపగించుకోలేదు. మజ్జిగ ఇచ్చాడు. కోపగించుకుని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

లేచేటప్పుడు అతనొక మాటన్నాడు. "ఆ సీసాతో చేసేది మా ఊరి ఇస్కూల్లో కూడా చేయిస్తారా?" అని. నేను ఈ వేదిక ఎక్కడానికి అసలు కారణం ఆ మాట.

అన్నలారా, అక్కలారా, మనం జీవితమంతా అంకెలు రాశాం. కొందరు శిస్తు, కొందరు జీతాలు, కొందరు సర్వే కొలతలు, కొందరు ఆసుపత్రి స్టాకు. అంకె పక్కన ఇనీషియల్ వేసి పైకి పంపడం మన ఉద్యోగం. ఆ అంకె ఏ గరాటు కింద పట్టినదో అడగడం మనకు ఎవరూ నేర్పలేదు. అడిగితే తప్పు పట్టేవాళ్లు కూడా. ఆ రైతు అడిగాడు, అతనికి చదువు లేదని మనం జవాబు చెప్పి పంపాం. ఆ మధ్యాహ్నం ఎనిమిదో తరగతి పిల్లలు అదే ప్రశ్న పావుగంటలో అడగడం నేర్చుకున్నారు. మ్యూజియం వల్ల ఏం లాభమని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఇదే.

ఇది కొత్త తెలివి కూడా కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలోనే వాన కొలిచే పాత్ర వెడల్పు ఇంత ఉండాలని ఉంది. కొరియా దేశంలో సెజోంగ్ రాజు కాలంలో, 1440ల్లో, ఒకే కొలత గల పాత్రలు చేయించి ప్రాంతాలన్నిటికీ పంపారు. పాత్ర ఒకటైతేనే ఊరూరి లెక్కలు పోల్చవచ్చునని వాళ్లకు తెలుసు.

ఇప్పుడు మండలాల్లో దానంతటదే కొలిచి పంపే యంత్రాలు వచ్చాయి, ఇంకా సీసాలెందుకు అని మీరు అడగవచ్చు. యంత్రం వచ్చింది గనుకనే కావాలి. మా కచేరీ గ్లాసును కంటితో చూడవచ్చు, చేత్తో పట్టుకోవచ్చు, అయినా మేం కనుక్కోలేకపోయాం. ఈ యంత్రం లోపల ఏముందో ఎవరికీ కనపడదు. గరాటులో ఆకు పడి మూసుకుపోయినా అది ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంటుంది. తన సీసాలో ముప్పై పడిందని చూసిన పిల్లవాడే, "అక్కడ పది అని ఎందుకు వచ్చింది?" అని అడగగలడు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లా మనది. పదిహేను మిల్లీమీటర్ల తేడా కోనసీమకు ఒక లెక్కకాదు. మనకు అది విత్తనం వేయడమా, మానడమా అన్న తేడా.

అందుకని మన సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాను.

మొదటిది. పిల్లలను మ్యూజియానికి తీసుకుపోయే బడి ఏదైనా ఉంటే, మనలో ఒకరిద్దరు తోడు పోదాం. బెంగళూరే కానక్కరలేదు. తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. కొండకు ఏటా పోతాం, దర్శనం అయ్యాక ఒక పూట మనుమలను అక్కడికి తీసుకుపోవచ్చు. హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీద 1985లో తెరిచిన బిర్లా ప్లానెటోరియం, దాని పక్కన సైన్సు మ్యూజియం ఉన్నాయి. ముందుగా ఉత్తరం రాసి, మాకు వివరించే మనిషి కావాలని, చేతిపని తరగతి కావాలని అడగాలి. అడగకపోతే బటన్లు నొక్కి వస్తాం. ఉత్తరం రాయడం మనకంటే ఎవరికి బాగా వచ్చు?

రెండవది. అన్నీ చూపించాలని ఆరాటపడవద్దు. ఆరు చాలు. చెప్పడం తగ్గించి అడగడం పెంచుదాం. పిల్లలు మౌనంగా ఉంటే మనం అందుకోకూడదు, అరనిమిషం ఓర్చుకోవాలి. ఇది మనకు చాలా కష్టం, నాకు తెలుసు. భాష తెలియని చోట తెలుగులో అందిద్దాం. కపిలె, రాట్నం, గానుగ, పాత టెలిగ్రాఫు, స్టెన్సిల్ మిషను చూసిన ఆఖరి తరం మనది. ఆ యంత్రాలకు, పిల్లలు ఎరిగిన యంత్రాలకు మధ్య వంతెన మనమే.

మూడవది. మ్యూజియం దాకా పోలేని బడి దగ్గరికి చేతిపని తరగతిని మనమే తీసుకుపోదాం. ఖర్చు ఏమీ లేదు. తిన్నని సీసా, స్కేలు, గాలికి పడిపోకుండా చుట్టూ నాలుగు ఇటుకలు. చెట్టు కింద, చూరు కింద పెట్టకూడదు. ఉదయం ఎనిమిదిన్నరకు చూడాలి. వాన పడని రోజు కూడా సున్నా అని రాయాలి. ఖాళీగా వదిలిన గడికి, సున్నాకు తేడా ఏమిటో మన ఆడిట్ పెన్షనర్లు చెబుతారు. రెండు బడుల సీసాలు పక్కపక్కన పెట్టి, గొట్టాలు మార్చి చూపించాలి. అది మాత్రం తప్పకుండా చేయాలి.

ఆ పెద్దాయన ఊరి బడిలో ఇప్పటికే ఒకటి పెట్టాం. కొలిచే బాధ్యత ఏడో తరగతి పిల్లలది. వాళ్ల నోటుబుక్కులో ప్రతి పేజీ పైన నేనొక వాక్యం రాయించాను: "సీసా మూతి వెడల్పు ఇంత." అంకెలన్నీ ఆ వాక్యం కిందనే వస్తాయి. మొన్న వానకు, ఆ పెద్దాయన మునిమనుమరాలు కొలిచి, ఇరవై రెండు అని రాసి, చేన్లోకి పరుగెత్తి పదును ఎంత దిగిందో మూరతో కొలిచి అది కూడా పక్కన రాసింది. అది నేను చెప్పలేదు. వాళ్ల ఇంట్లో చెప్పినట్టున్నారు.

ఇంకొక బడికి వచ్చే నెల పోవాలి. మెట్లు ఎక్కలేను గనుక ఎవరైనా తోడు రావాలి. పేర్లు ఇచ్చేవాళ్లు టీ అయ్యాక కార్యదర్శి గారి దగ్గర ఇవ్వండి. లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చినంత సులభం, వేలిముద్ర కూడా అక్కరలేదు.